గిలక పండు

సకీనాబీ పరుపులు కుడుతుంది. పొద్దున్నే బూరుగు దూది విప్పి, గింజలు ఏరి, గుడ్డ సంచిలో కూరి, జానెడు సూదితో కుట్లు వేస్తుంది. అనకాపల్లిలో చాలా కొత్త కాపురాలు ఆమె కుట్టిన పరుపుల మీదే మొదలయ్యాయి. ఆమె మాత్రం చాప మీద పడుకుంటుంది. భర్త పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. గ్లాసుడు బియ్యం వండితే రెండు పూటలకీ సరిపోతుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో జనాభా లెక్కల మేస్టారు వచ్చి, గదిలోకి ఒకసారి తొంగి చూసి, "ఒకటి" అని రాసుకుని వెళ్లిపోయాడు.

దూది తెచ్చేది చిన్నమ్మలు. బుధవారం బుధవారం మాడుగుల కొండల్నించి బస్సులో వస్తుంది. అరుగు మీద బుట్ట దించుతుంది, దూది ఇస్తుంది, మంచినీళ్లు తాగుతుంది, వెళ్లిపోతుంది. పదకొండేళ్లుగా అంతే. గడప దాటి లోపలికి వచ్చింది లేదు.

మే నెలలో ఒక బుధవారం దూది మీద పది పళ్లు పెట్టుకొచ్చింది. కోడిగుడ్డంత ఉన్నాయి. లేత పసుపు రంగు, తలమీద చిన్న పచ్చ కిరీటం.

"ఏటే అప్పా ఇది? జామకాయా?"

"గిలక పండు. సెవికాడెట్టి ఊపు, బూబమ్మా."

ఊపితే లోపల గింజ గలగలలాడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గులాబీ అత్తరు.

"ఈదిలో కొరికీకు. లెక్క రాదు. లోపలికెళ్లి కొయ్యి," అంది చిన్నమ్మలు. "ఏ ఇంట్లో కోత్తే ఆ ఇంటి మనుసులెందరో అన్ని గింజలు. సుట్టాలు లెక్కలోకి రారు."

సకీనాబీ లోపలికి వెళ్లి కోసింది. కండ పల్చన, మధ్యలో అంతా బోలు. నోట్లో వేసుకుంటే నీళ్లలా కరిగి, వాసన మిగిలింది. గింజ ఒకటే.

నెల తిరగకుండా వీధంతా ఆ పళ్లు కొంది. వింతేముంది, ఇంట్లో గడియారం కొన్నట్టు కొన్నారు. పక్కింటి నాగూర్ మీరా ఇంట్లో ఒక గింజ ఎక్కువొచ్చింది. "మంత్రసాని కంటే ముందు ఈ పండు సెప్పీసింది!" అని భార్య మదీనాబీ సిగ్గుపడింది. బెల్లం వ్యాపారి బంగారయ్య ఇంట్లో ఒకటి తక్కువొచ్చింది. ఆయనకి విజయనగరంలో మరో కాపురం ఉన్నట్టు భార్యకి ఆరోజే తెలిసింది.

సకీనాబీ వారం వారం కోస్తూనే ఉంది. ఒకటే.

అక్క కొడుకు నూరుద్దీన్ కశింకోట నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "ఖాలా, ఒక్క గింజ ఇంటికి రెండు గదులెందుకు? మా ఇంటికొచ్చీ. దీన్ని బెల్లం గోదాముకి ఇచ్చీదాం."

ఆమెకి వాదించే ఓపిక లేదు. "వచ్చే బుధవారం కూడా ఒకటే వత్తే, నీ ఎంట వచ్చీత్తాను," అని మాటిచ్చింది.

ఆ బుధవారం మబ్బు పట్టింది. దూది అందుకుంటూ సకీనాబీ, "మీ ఇంట్లో ఎన్నొత్తాయి అప్పా?" అని అడిగింది.

"అయిదు."

"ఎందరుంటారు?"

"తమ్ముడు, మరదలు, ముగ్గురు పిల్లలు." చిన్నమ్మలు వేళ్లు మడిచి, రెండో చేతి వేలు ఒకటి మడిచింది. "నేను."

సకీనాబీ దూది పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది.

"మరదలు మంచిదే. కడుపునిండా ఎడతాది. ఆ గింజలు సూసినకాడ్నించి మా ఇంట్లో ఈ పండు కొయ్యరు, నేను బాధపడతానని. సెట్టు నిండా కాసీసేయి. అందుకే ఇక్కడికి తెత్తన్నాను."

వాన మొదలైంది. నూరుద్దీన్ గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చాడు. బుట్టలోంచి పండు తీసుకుని, తనే గది మధ్య కూర్చుని కోశాడు.

రెండు గింజలు.

అతను లేచి వెనక గది చూశాడు. తలుపు చాటున చూశాడు. "ఎవరొచ్చేరు ఖాలా?"

"ఎవరూ రాలేదు."

"మరి ఈవిడ?"

"నేను సుట్టాన్ని బాబూ," అంది చిన్నమ్మలు అరుగు మీంచి. "సుట్టాలు లెక్కలోకి రారు. పుచ్చు పండేమో. ఇంకోటి కొయ్యి."

కోశాడు. రెండే.

వాన జల్లు అరుగు మీదికి కొడుతోంది. బస్సు వేళయింది. చిన్నమ్మలు బుట్ట ఎత్తబోయి, అతని అరచేతిలోని గింజల వైపే చూస్తూ నిలబడిపోయింది. సకీనాబీ కూడా వాటినే చూసింది. ఉండమని ఈమె గానీ, ఉంటానని ఆమె గానీ ఇంతవరకూ అనలేదు.

"అప్పా, బుట్ట తడుత్తంది," అంది సకీనాబీ. "లోపలెట్టు."

"బస్సెల్లిపోద్దే."

"పోనీ."

చిన్నమ్మలు తడి పాదాలు చీర చెంగుతో తుడుచుకుంది. బుట్ట గడప దాటింది. నూరుద్దీన్ గింజలు గూట్లో పెట్టి, గొడుగు తీసుకున్నాడు.

సకీనాబీ డబ్బాలోంచి గ్లాసుడు బియ్యం తీసి చేటలో పోసింది. మూత పెట్టబోయి, మళ్లీ గ్లాసు ముంచింది.