ఉరుకుందు బోరులో నీళ్లు

మా ఆఫీసులో నాతో వాదించే ఓపిక స్వర్ణలతకు ఒక్కతికే ఉంది. మిగతావాళ్లు నేను నోరు తెరవగానే టీకి పోతారు. తెలివైనవాళ్లు.

మాది కర్నూలులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఆదోని వైపు ఒక రైతు సంఘం మాకు పని ఇచ్చింది. ఊళ్లలో ప్రతి బోరులోకీ ఒక సెన్సరు దింపాలి. నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో అది నిమిషానికోసారి పంపుతుంది. రైతు ఫోన్లో చూసుకుని, నీళ్లుంటే పంట పెడతాడు, లేకుంటే మానుకుంటాడు. వేల బోర్ల నుంచి వచ్చిపడే ఆ అంకెలన్నీ దాచడానికి డేటాబేసు ఎంచడం నా వంతు. సీనియర్‌ని కదా మరి.

"మామూలు డేటాబేసు చాలు సార్. ఒకే పేరుతో రెండు బోర్లు వస్తే వెంటనే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది" అంది స్వర్ణలత.

"సెన్సర్ల కోసమే పుట్టిన డేటాబేసులు ఉండగా ఆ పాతదెందుకు? ఎడ్లబండి మీద ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకు పోతావా?" అన్నాను. ఆ మాట నాకెంత నచ్చిందంటే, మధ్యాహ్నం మా ఓనరు భూపేష్ గారి ముందు మళ్లీ అన్నాను. నేను ఎంచింది మహా వేగం. ఒకే పేరుతో, ఒకే నిమిషానికి రెండు అంకెలు వస్తే ఏమీ అడగదు, పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. అదీ గొప్పగానే చెప్పాను, గొడవ పెట్టని రకమని.

నెల తిరిగేసరికి చూస్తే, నేను లెక్కేసిన చోటులో పదో వంతు కూడా పట్టలేదు. బుర్ర ఉన్నవాడికి అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది. "చూశారా, అంకెల్ని తక్కువ చోటులో ఎట్లా నొక్కి దాస్తోందో" అని భూపేష్ గారికి గ్రాఫు చూపించాను. ఆయన మైసూర్‌పాక్ తెప్పించారు. ఎక్కువ నేనే తిన్నాను.

తర్వాత ఈరక్క అనే రైతు ఫోన్ చేసింది.

"ఏమప్పా, బోరు ఈరక్కను మాట్లాడతాండా. ఫోన్లో శానా నీళ్లు చూపిస్తాండాది. మోటరేస్తే గాలి తంతాంది. మీ ఫోను చూసుకోనే ఎకరా ఉల్లినారు నాటినా."

"పైపులు చూపించుకోక్కా. డేటా తప్పు చెప్పదు" అన్నాను.

ఆ మాటన్న నా గొంతు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది. ఆమె నా మాట నమ్మి, మనుషుల్ని పెట్టి పైపులన్నీ పైకి లాగించింది. పైపుల్లో ఏ లోపమూ లేదు. మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి భూపేష్ గారు నన్నే వెళ్లి చూడమన్నారు.

సెన్సర్లు బిగించిన హనుమేష్‌ను వెంటబెట్టుకుని బయలుదేరాను. యాప్‌లో ఈరక్క బోరు పేరు ఉరుకుందు అని ఉంది. ఊళ్లో దిగి టీ కొట్టు దగ్గర "ఉరుకుందు బోరు యాడ?" అని అడిగాను.

"ఏ ఉరుకుందప్పా?" అన్నాడు అక్కడ కూర్చున్న పెద్దాయన. "ఈడ నిలబడి రాయి ఇసిరితే ఏదో ఒక ఉరుకుందు బోరు మీదే పడతాది."

నేను హనుమేష్ వైపు తిరిగాను.

"బోరు వేసేముందు ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటారు సార్" అన్నాడు. "నీళ్లు పడితే ఆ పేరే పెడతారు. మీరు బోరు పేరు రాయమంటిరి. రాసినా."

అక్కడే అతని మీద విరుచుకుపడ్డాను. పేరు, ఊరు చాలు, సెన్సరు డబ్బా మీది నంబరు అక్కర్లేదని చెప్పింది నేనేనని సగం తిట్టాక గుర్తొచ్చింది. మిగతా సగం మింగేశాను.

అప్పుడు బోధపడింది విషయం. ఆ ఊరి ఉరుకుందులన్నీ నా మహా వేగంలో ఒకదాని మీద ఒకటి పడి ఒక్క బోరైపోయాయి. కాలువ పక్కనున్న బోరులో నీళ్లు పుష్కలం, సిగ్నల్ అంతంతమాత్రం. ప్రతి నిమిషం ఆఖరున వచ్చేది దాని అంకే. ఊరందరి ఫోన్లలోనూ నిలిచేది అదే. ఊరూరా ఇదే కథ. నా డేటాబేసుకు చోటు తక్కువ పట్టింది నొక్కి దాచినందుకు కాదు, అసలు దాచనందుకు.

స్వర్ణలతకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"వచ్చినవన్నీ నేను మామూలు డేటాబేసులో కూడా వేస్తున్నా సార్, సెన్సరు తనంతట పంపే డబ్బా నంబరుతో. చెబితే తీసేయమంటారని చెప్పలేదు. లింకు పంపిస్తా" అంది.

నన్ను అడక్కుండా చేసినందుకు నాకు కోపమొచ్చింది. ఆ పరిస్థితిలో కూడా వచ్చింది చూడండి, అదీ నేను.

ఈరక్క చేను గట్టు మీద కూర్చుని ఉంది. నారు కొసలు పసుపు తిరిగాయి. జరిగింది చెప్పాను. స్వర్ణలత విడిగా అంకెలు దాచిన సంగతీ చెప్పాను.

"అయితే నెల దినాలు నేను చూసింది ఎవరి నీళ్లప్పా?"

"కాలువ పక్క బోరువక్కా."

ఆమె కాలువ వైపు చూసింది. "ఇప్పుడు నా బోర్లో ఉండాయా, లేవా? అది చెప్పు."

డబ్బా మీది నంబరు చూసి ఫోన్లో కొట్టాను. తెర మీద చక్రం తిరుగుతూ ఉంది. తిరిగి తిరిగి అంకె వచ్చింది.

"లేవక్కా."

"నారు నాటిన పొద్దు?"

"అప్పటికే సగానికి పడిపోయినాయి."

"ఇంత సరిగ్గా చెప్పేదాన్ని పెట్టుకోని, మాకు ఆ ఇంకోటి ఎందుకిస్తిరప్పా?"

కర్నూలులో అయితే ఈ ప్రశ్నకు గంటసేపు బొమ్మలేసి మరీ చెప్పేవాణ్ణి.

"ఇది కొంచెం నిదానమక్కా" అన్నాను.

ఈరక్క ఒక నారుమొక్క పీకి, వేరు చూసి, పక్కన పెట్టింది.

"నాకేం తొందరుండెనప్పా" అంది.