మా గన్ ఎవరిది?

ఊరుకునే నోరు కాదు నాది. కానీ అమెరికాలో, అరోరా దగ్గరి కోర్టులో తెలుగు దుబాసీగా నిలబడ్డానంటే అది నా నోరు కాదు, అద్దెకిచ్చిన నోరు. వాళ్లు అన్నదే అనాలి. ఒక్క ముక్క కలపకూడదు, తీసేయకూడదు.

ఆ ఉదయం నా నోటిని అద్దెకు తీసుకున్నది త్రివేణి. భర్త శశికాంత్ తన దరిదాపులకు రాకూడదని ప్రొటెక్షన్ ఆర్డర్ కోసం వచ్చింది. అతను సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాదే గన్ కొన్నాడు. కిందటి నెల దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "ఇప్పుడు మాట్లాడు" అన్నాడు. అప్పటినుంచి త్రివేణి కూతురు ఇషాతో స్నేహితురాలి ఇంట్లో తలదాచుకుంటోంది. పిల్లను స్కూల్‌కి పంపడం మానేసింది. అతను కారు వేసుకుని స్కూల్ చుట్టూ తిరుగుతుంటే ఏ తల్లి పంపుతుంది?

ఆర్డర్ వస్తే గన్ పోలీసులకు అప్పగించాల్సిందే. శశికాంత్ మాత్రం తన దగ్గర గన్నే లేదన్నాడు. గన్ ఎక్కడుందని జడ్జి త్రివేణిని అడిగింది.

"మా గన్ అండీ, ఆయన కార్‌లోనే పెట్టుకుంటారు. సీట్ కింద."

'అవర్ గన్' అన్నాను. ఇంకేమంటాను?

శశికాంత్ లాయర్ దిగ్గున లేచాడు. విన్నారుగా, ఆవిడే 'అవర్' అంటోంది, గన్ ఆవిడ దగ్గరే ఉందేమో, మా క్లయింట్ ఏం అప్పగిస్తాడు అన్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికింది. జడ్జి త్రివేణి వైపు తిరిగి, ఆ గన్ మీదేనా అని అడిగింది.

త్రివేణి కంగారుపడి, "అవునండీ, మాదే," అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లాయర్ మీద సగం, మన భాష మీద సగం. మాటకు రెండర్థాలుంటే జడ్జి అనుమతితో విడమరిచే వీలు దుబాసీకి ఉంది. లేచి అడిగాను. తెలుగు ఇల్లాలు ఇంట్లో ఎవరి వస్తువునైనా 'మా' అనే అంటుందనీ, భర్తను కూడా 'మా ఆయన' అంటుందనీ, అంతమాత్రాన ఆయనలో ఇంకెవరికో వాటా ఉన్నట్టు కాదనీ చెప్పాను. జడ్జి నవ్వు ఆపుకుంది. ఎవరు కొన్నారు, ఎవరు పెట్టుకున్నారు, మీరెప్పుడైనా ముట్టుకున్నారా అని ఒక్కొక్కటే అడిగించింది.

త్రివేణి శశికాంత్ వైపు చూసింది. అతను కనీకనపడకుండా తల అడ్డంగా ఆడిస్తున్నాడు.

"కొన్నది ఆయనే," అంది మెల్లగా. తర్వాత గొంతు పెరిగింది. "కార్‌లో పెట్టుకుని తిరుగుతున్నాడు. నన్ను భయపెట్టడానికే కొన్నాడు. నేనెప్పుడూ టచ్ చేయలేదు. అది నాది కాదు, మాదీ కాదు. అతనిది."

అంతవరకూ 'అన్నారు, వచ్చారు' అంటూ వచ్చిన మనిషి! పెళ్లయ్యాక ఆ 'రు' ఊడటం అదే మొదటిసారేమో. దాన్ని నేను ఇంగ్లిష్‌లోకి ఎలా తెస్తాను? అక్కడ అందరికీ ఒకటే 'హీ'. శశికాంత్‌కి మాత్రం నా అనువాదం అక్కర్లేకపోయింది. తల దించుకున్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

జడ్జి ఆర్డర్ ఇచ్చింది, గన్ ఇప్పుడే అప్పగించమంది. కోర్టు పోలీసులు, ఇద్దరు డెప్యూటీలు, అతన్ని పార్కింగ్‌లో కారు దగ్గరికి తీసుకెళ్లారు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. త్రివేణి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోనివ్వకూడదని రూలు. పట్టుకోనిచ్చాను.

డెప్యూటీ తిరిగొచ్చి, గన్ సీటు కిందే దొరికిందనీ, ఇక తమ దగ్గరే ఉంటుందనీ చెప్పాడు.

త్రివేణి కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని స్నేహితురాలికి ఫోన్ చేసింది.

"ఇషాని రెడీ చెయ్యవే, వచ్చేస్తున్నా. స్కూల్‌కి నేనే డ్రాప్ చేస్తా... ఆఁ, ఇవాళే. లేట్ అయితే అయింది, లేట్ అనే రాసుకోమను!"