షెడ్డులో చెప్పిన మాట

మరమగ్గాల షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేస్తే చెవులు మొద్దుబారతాయి. అమ్మకీ అదే అయింది. ఆ రొదలో గొంతు పనికిరాదు కాబట్టి అక్కడి ఆడవాళ్లంతా నోరు బాగా తెరిచి, ప్రతి మాటనీ పెదవులతో గీసినట్టు మాట్లాడుకుంటారు. అమ్మతో మాట్లాడీ మాట్లాడీ కూతురికీ అదే అలవాటు పట్టుకుంది.

బడిలో పిల్లలు ఆమెకు చేప అని పేరు పెట్టారు. తను లేచి నిలబడితే చాలు, వెనక బెంచీలో ఎవరో ఒకరు పెదవులు ఆడించేవారు. దాంతో బడిలో మాట్లాడడం మానేసింది. నమిలేటప్పుడు కూడా చూస్తారని మధ్యాహ్నం డబ్బా మూత తీసేది కాదు. ఇప్పుడు టీచరు, సోమవారం ఒక్కొక్కరూ తరగతి ముందు నిలబడి మాట్లాడాలని, దానికి మార్కులుంటాయని చెప్పింది.

అమ్మకి చెప్పుకోవాలి. ఇంట్లో ఉన్నది ఒకటే గది, నాన్నవి పాము చెవులు. గొంతు లేకుండా పెదవులు ఆడిస్తే, ఏమిటా గుట్టని నిలదీస్తాడు. బడి కష్టంగా ఉందని ఎవరన్నా, అయితే మానెయ్యి అనే మాట ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆమెకు బడి మానాలని లేదు. అందుకే ఆ ఆదివారం అమ్మ అన్నం డబ్బా తీసుకుని షెడ్డుకి వెళ్లింది. ఇంత రొదలో తన మాట ఎవరి చెవినా పడదనుకుంది.

అమ్మ మగ్గానికి ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా, పెదవులతో అంతా చెప్పేసింది. అమ్మ చేతులు తెగిన పోగు ముడేస్తూనే ఉన్నాయి, కళ్లు మాత్రం కూతురి నోటి మీదే ఉన్నాయి. చేప ఎందుకని అడిగింది. కూతురు నోరు తెరిచి మూసి చూపించింది. అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు.

కూతురు తలెత్తి చూసేసరికి మగ్గాల వరస వరసంతా ఇటే చూస్తోంది. ఇక్కడ అందరూ పెదవులు చదివేవాళ్లేనన్న సంగతి తొందరలో ఆమెకు తట్టనేలేదు.

పక్క మగ్గం పెద్దమ్మ కన్ను గీటి, "మేమంతా చేపలమేనే తల్లీ. మా చెరువులోకి వచ్చెయ్" అని పెదవులు ఆడించింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. షెడ్డు మేస్త్రీ చివరి మగ్గం ఖాళీగా ఉందని వేలితో చూపించి, ఇక్కడైతే నోరు చూసి ఎవరూ వెక్కిరించరని అమ్మకి చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. కూతురు ఆ మగ్గం వైపు చూడకుండా అమ్మ కొంగు పట్టుకుంది.

అమ్మ అతని వైపు నుంచి కూతురి వైపు తిరిగింది. మగ్గం ఆపింది. పోగు తెగితే తప్ప పని మధ్యలో ఆమె మగ్గం ఆపడం ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు. కూతురి పెదవుల మీద రెండు వేళ్లు ఆనించి, "ఇంతే తెరువు. ఇంత చాలు" అంది.

ఆ సాయంత్రం అద్దం ముందు కూతురు చిన్న నోటితో పాఠం చెప్పింది. పక్కనే కూర్చున్న అమ్మకి అందులో ఒక్క మాటా అర్థం కాలేదు. కూతురు ఇటు చూసినప్పుడల్లా బాగుందన్నట్టు తల ఊపింది.

సోమవారం బడి వదలగానే కూతురు నేరుగా షెడ్డుకి వచ్చింది. తను మాట్లాడినంతసేపూ వెనక బెంచీ పెదవులు ఆడిస్తూనే ఉంది. సగంలో తను ఆగిపోయింది. టీచరు కూర్చోమంది. అదంతా అమ్మకి చెప్పాలి. కానీ వరస మొత్తం పని చేసుకుంటూనే కళ్లు ఇటు వేసి ఉంచింది. వాళ్లకి దొరకకుండా నోరు చిన్నగా ఉంచి చెప్పింది.

అమ్మ కళ్లు చికిలించి ఆ పెదవులనే చూసింది. అయిపోయాక గట్టిగా తల ఊపి, కూతురి చెంప తట్టింది. ఏమైందని పెద్దమ్మ సైగ చేసింది.

"బాగా చెప్పిందట" అంది అమ్మ, నోరంతా తెరిచి. వరసంతా నవ్వు మొహాలతో తలలూపింది.

కూతురు ఆ మాట ఒక్క అక్షరం పోకుండా చదివింది. కాదని చెప్పాలంటే అందరికీ కనిపించేలా నోరు తెరవాలి. అమ్మ తిన్న ఖాళీ డబ్బా తీసుకుని బయటికి నడిచింది.