ఆనందమ్మ మిద్దె మీద మనిషి

ఇల్లు ఆడవాళ్ల పేరు మీదే ఇస్తామని కేంద్రం వాళ్లు అనుకున్నప్పుడు నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే రెండు ముక్కలు చెప్పి ఉండేవాణ్ణి. మామిడి మండీలో బుట్టలు మోసి భుజం కాయగాసింది నాకు. యజమానురాలు మాత్రం మా ఆనందమ్మ. పట్టాలో ఆమె పేరు, ఫొటోలో ఆమె ముఖం, గోడకు అంటించే పలక మీద కూడా ఆమె పేరే. నేను భర్త పేరు రాసే గడిలో ఉన్నాను. అదీ చోటు చాలక సగమే పట్టాను.

చిత్తూరు ఊరిబయట, పలమనేరు రోడ్డుకు కనపడేటట్టు మా స్థలం. పునాది లేస్తే ఒక ఫొటో, గోడలు లేస్తే ఒక ఫొటో, మిద్దె పోశాక ఇంకొక ఫొటో. ఇంటిముందు యజమానురాలు నిలబడాలి. ఫోన్లో తీయాలి. ఎక్కడ నిలబడి తీశామో ఆ ఫోనే పైకి చెప్పేస్తుందట. పైన ఎక్కడో కూర్చున్న మనిషి దాన్ని చూసి సరే అంటేనే తర్వాతి విడత వస్తుంది.

మిద్దె పోసేశాం. ఈ ఫొటో ఒక్కటి పాసైతే తలుపులు, కిటికీలు పెట్టుకుని వానలు ముదిరేలోపల ఇంట్లో దూరవచ్చు. నెలాఖరులోగా కాకపోతే జాబితాలోంచి మా ఇల్లు తీసేస్తారు. బాడుగింటి ఓనరు ఇదివరకే కొడుక్కి పెళ్లి కుదిరిందని, ఖాళీ చెయ్యమని పోరు పెడుతున్నాడు. కొడుక్కి పెళ్లయితే మా గదిలో కాపురం పెడతాడట. పెట్టుకోనీ, నా శాపం ఊరికే పోదు.

ఇల్లు కడుతుంటే దిష్టిబొమ్మ కట్టడం మా వైపు అందరూ చేసేదే. దారిన పోయేవాళ్ల కన్ను ఇంటి మీద పడకుండా దాని మీద పడాలి. అందరూ బూడిద గుమ్మడికాయకు కోరలు గీసి వేలాడగడతారు. మా ఇంటావిడకు అది ఆనలేదు.

"మన మిద్దె రోడ్డుకు కనపడతా ఉండాది. పలమనేరు బస్సుల్లో పొయ్యేవాళ్లంతా సూస్తారు. గుమ్మడికాయ ఎంతమందిని ఆపుతాదయ్యా?"

అని, వరిగడ్డి తెచ్చి, నా ప్యాంటులోను, గళ్ల చొక్కాలోను కూరింది. కుండకు సున్నం కొట్టి తల చేసింది. బొగ్గుతో మీసం దిద్దింది. తీసుకెళ్లి మిద్దె అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టింది.

"కడుపు అంతెందుకుమే?" అన్నాను.

"ఉన్నదున్నట్టు సేసినా."

పక్క స్థలంలో ఇల్లు కట్టుకుంటున్న చిన్నబ్బ ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "ఏందన్నా, మిద్దె మీద కూసోనుంటే బీడీ ఒకటి ఇయ్యమని అరిసినా. పలకనే లేదే. కోపమేమో అనుకున్నా. మల్లీ సూస్తే బొమ్మ!" అన్నాడు. "వదిన పనితనం గొప్పది. నీకంటే మర్యాదగా ఉండాడు."

వార్డు సచివాలయంలో ఇండ్ల పని చూసే అమ్మాయి పేరు స్టెల్లా. వచ్చి, ఆనందమ్మను ముందర నిలబెట్టి ఫొటో తీసుకుపోయింది. బొమ్మ సంగతి ఆమెకూ తోచలేదు, మాకూ తోచలేదు. కట్టే ఇంటి మీద దిష్టిబొమ్మ ఉంటే మా కళ్లకు అది ఉన్నట్టే ఉండదు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం స్టెల్లా స్కూటీ మీద పరుగున వచ్చింది.

"అక్కా, ఫొటో వాపసు వచ్చింది. మిద్దె మీద కూలిమనిషి ఇంకా పని చేస్తా ఉండాడు, పని అయిపోయినాక తీసి పంపండి అని రాసినారు."

"కూలిమనిషి ఎవురు?" అంది ఆనందమ్మ.

ముగ్గురం ఒకేసారి తలెత్తి చూశాం. వాడు నింపాదిగా కూర్చుని ఉన్నాడు.

కూలిమనిషిగా కార్డు ఇవ్వండి అని నేను తిరగని ఆఫీసు లేదు. రుజువేదీ అని అడిగారు ప్రతిచోటా. నా చొక్కా తొడుక్కున్న గడ్డిని మాత్రం ఎవరూ రుజువు అడగలేదు. ఫొటోలో చూసి ఒప్పేసుకున్నారు. అంతోటి భాగ్యం నాకు లేకపోయింది.

"ఈ సాయంత్రంతో ఆఖరు," అంది స్టెల్లా. "అన్నా, ఎక్కి దాన్ని దించేసెయ్యి. ఒక్క నిమిషం. ఫొటో తీసినాక మల్లీ పెట్టుకోండి."

నేను నిచ్చెన దగ్గరికి పోయేలోపల ఆనందమ్మ పోయి దాని మొదటి మెట్టు మీద కూర్చుంది.

"ఇంట్లో చేరేవరకు దించకూడదు."

"అక్కా, పాస్ కాకుంటే చేరేదానికి ఇల్లే ఉండదు!"

"ఫొటో సూసేది ఎవురుమ్మా?"

"పై ఆఫీసులో సార్లు."

"వాళ్లు ఎవురో, యాడుంటారో నీకు తెలుసునా?"

"నాకేం తెలుస్తాదక్కా?"

"బస్సులో పొయ్యేవాడు ఒక సూపు సూసి పోతాడు. వీళ్లు ఫొటో పెట్టుకోని, పెద్దది సేసుకోని, గోడగోడా సూస్తారు. ముక్కూముఖం తెలీనోళ్ల కండ్లు! వాళ్లకు బొమ్మ లేకుండా సూపించమంటావా?"

స్టెల్లా ఫోనులో కిందికీ పైకీ వెతికింది. దీనికి ప్రభుత్వం వాళ్లు జవాబు ఇవ్వలేదు కాబోలు.

"మేం ఇట్లాటివి నమ్మమక్కా. ప్రార్థన చేసుకుంటాం, అంతే," అంది చివరికి.

"మీ ఇల్లు కట్టేటప్పుడు గుమ్మడికాయ సూసినానే నేను?"

"అది మా అత్త కట్టింది. ప్రార్థన చేసే కట్టింది," అంది స్టెల్లా, చెప్పుల వైపు చూస్తూ.

చిన్నబ్బ గోడమీంచి తల పెట్టి, బొమ్మకు చీర కప్పితే సరిపోదా అన్నాడు. కూలామె ఉందని రాస్తారన్నాను. ఇల్లు సగమే పడేటట్టు తీస్తే? కుదరదంది స్టెల్లా, మిద్దె మొత్తం కనపడాలట. పొద్దు వాలుతున్నది. తూర్పున మబ్బు పట్టింది. వాన మొదలైతే ఫొటో కూడా ఉండదు. నాకు ఒళ్లు మండింది.

"ఈ లేఅవుట్లో ఇన్ని ఇండ్లు ఉండాయి. అన్నీ ఒకే అచ్చు. నీ ఇల్లే అంత అందంగా ఉండాదా దిష్టి తగిలేదానికి?"

"ఉండాది," అంది. గొంతు పెంచలేదు. "నా పేరుండే గోడలు ఈ పొద్దుదాకా యాడన్నా ఉండాయా? నువ్వే సెప్పు."

ఉన్న కోపమంతా కూడగట్టుకుని, ఎకసెక్కంగా అన్నాను: "అయితే బొమ్మెందుకుమే? ఫొటోలో నిలబడేది నువ్వే కదా! నీ ముఖానికే దిష్టిచుక్క పెట్టుకో. వాళ్ల కండ్లు నీ మీదనే పడతాయి."

గొడవకు అన్న మాట అది. ఆమె లేచి నిలబడింది.

"బొగ్గు తీసుకోని రా."

"ఏంది?"

"బొగ్గు తీసుకోని రాయ్యా! మబ్బు పట్టింది కనపడలేదా?"

నూనెలో నూరిన బొగ్గుతో ఆమె ముందు నిలబడ్డాను. ఆమె బుగ్గ ముందుకు పెట్టింది, పసిపిల్ల మాదిరి.

"ఇంటికి తగిలేది నీకు తగిలితే?" అన్నాను, చిన్నబ్బకు వినపడకుండా.

"ఇంటికి తగలకుంటే సాలు. నేను తట్టుకుంటా. పెట్టు, ఇంకా పెద్దది. రూపాయంత పెట్టు."

పావలా అంత పెట్టాను. ఆమెకు అద్దం లేదు కదా, ఎట్లా తెలుస్తుంది?

బొమ్మను దించి లోపల గోడకు ఆనించాను. ఆనందమ్మ పోయి ఇంటి ముందు కాళ్లు ఎడంగా పెట్టి, కళ్లు ఉరిమి నిలబడింది. నాలుక బయటపెట్టింది.

"అక్కా, నాలిక లోపల పెట్టుకో! ముఖం గుర్తు పట్టాల గదా," అని అరిచింది స్టెల్లా.

"దిష్టి ఆగొద్దా?"

"చుక్క ఆపుతాదక్కా, సాలు, నీ దండం పెడతా!"

నాలుక లోపలికి పోయింది గాని, కళ్లు అట్లాగే ఉండిపోయాయి. ఆ చూపు ముందు ఇల్లు ఎవరికి కనపడుతుంది? ఫొటో తీసేటప్పటికి చినుకు పడింది. స్టెల్లా కొంగు కింద ఫోను దాచుకుని పైకి పంపింది. గోడ దూకి వచ్చిన చిన్నబ్బతో కలిపి నలుగురం కొత్త మిద్దె కింద చేరాం. తలుపు లేని వాకిట్లోంచి జల్లు లోపలికి కొడుతుంటే, ఆనందమ్మ తన కొంగుతో నేల తుడుస్తూ కూర్చుంది. ఇంకా గచ్చు వేయని నేల, ఏం తుడుస్తుంది?

దీపాలు పెట్టేవేళకు ఫోను మోగింది. స్టెల్లా చదివి, "పాసైంది అక్కా!" అంది.

ఆనందమ్మ తడి గోడకు అరచెయ్యి ఆనించి అట్లాగే ఉండిపోయింది.

వాళ్లిద్దరూ వెళ్లిపోయాక నేను చిన్నబ్బ పెండ్లాం దగ్గర గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు అడిగి తెచ్చాను. "తూరుపు దిక్కు తిరిగి కూసో," అన్నాను ఆనందమ్మతో. ఈ పని మగవాళ్లు చేయరు. చేతగాదు కూడా. ఎటువైపు తిప్పాలో తెలియక రెండువైపులా తిప్పాను.

"అట్ల కాదయ్యా! నా సుట్టూ ఈగలు తోల్తా ఉండావా?" అంది. కాని కదల్లేదు.

మిద్దె పోసేటప్పుడు కింద కొట్టిన సెంట్రింగ్ చెక్కముక్కలు ముట్టించి అందులో వేశాను. దిష్టి గట్టిగా తగిలి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు. ఆమె వంగి చూసింది. జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంది ఆమెకు.

"సూడు, ఘాటే లేదు! ఎంత దిష్టో! పై ఆఫీసు కండ్లు అంటే మాటలా?"

నా కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి. గొంతులో దగ్గు నిలబడి ఉంది. దాన్ని మింగి, "అవునుమే, ఏమీ రాలేదు," అన్నాను.