పిన్ని కూర్చున్న పూట

మేడ పిన్ని అబద్ధమాడి ఎవరినైనా బోల్తా కొట్టించిందని ఆ వీధిలో గిట్టనివాళ్లు కూడా అనరు. కూరగాయలవాడు పొరపాటున ఎక్కువ తూచినా వెనక్కి పిలిచి చెప్పే మనిషి. అందుకే, మేడ కొనడానికి వచ్చిన ఆస్పత్రి నర్సమ్మ "ఇంట్లో రిపేర్లేమైనా ఉన్నాయా పిన్నిగారూ?" అని అడిగితే గుండెమీద చెయ్యేసుకుని చెప్పింది.

"ఒక్కటీ లేదమ్మా. కట్టినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

పక్కనే ఉన్న బాబాయి తలాడించాడు. ఆయనకూ అందులో అనుమానమేమీ లేదు.

పిన్నికి ఈ బేరం కుదిరితీరాలి. మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు. చెల్లెలు తన ఇంటి కింది వాటా వీళ్లకోసమే అట్టేపెట్టింది గానీ, "నెలాఖరు దాటితే మా ఆయన ఆగడే అక్కా, వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు" అని ఫోనులో నసుగుతోంది. ఇంతకుముందు ఇల్లు చూసి వెళ్లినవాళ్లు "ఏ సంగతీ చెబుతాం" అని మళ్లీ మొహం చూపించలేదు.

నర్సమ్మ వెంట ఆమె మేనత్త వచ్చింది. తల్లిలేని పిల్లను పెంచి పెద్దచేసిన మనిషి. కొత్త చెప్పులు కొన్నా వంచి చూసి, వాసన చూసి గాని పుచ్చుకోదు.

మెట్లెక్కేసరికి పిన్ని ఆయాసపడింది. నర్సమ్మ హాల్లోని కుర్చీ లాగి వేసింది.

"మీరు కూర్చోండి పిన్నిగారూ. ఆ మోకాళ్లు చూస్తే నాకే నొప్పి పుడుతోంది. ఏది ఎక్కడుందో చెప్పండి చాలు, నేను చూసుకుంటా."

పిన్ని మొహమాటంగా కూర్చుంది. ఇంటికి మనుషులొచ్చినప్పుడు ఆమె అలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అదే మొదలు.

నర్సమ్మ వంటింటి కుళాయి తిప్పింది. అది గురగురమని దగ్గి ఊరుకుంది.

"నీళ్లు రావడం లేదే?"

"ఎందుకు రావూ! పొద్దున్న వచ్చాయిగా. మోటారు వెయ్యమ్మా, తలుపు పక్కనే స్విచ్చి."

మోటారు మూలిగి ఆగిపోయింది. నర్సమ్మ స్నానాలగది తలుపు నెట్టింది. కదల్లేదు. నేను చూస్తానుండమ్మా అంటూ బాబాయి వెళ్లి భుజం పెట్టి తోశాడు. తలుపు ఆయన్నే వెనక్కి తోసినట్టయింది.

"ఏమేవ్, ఈ తలుపు ఎలా తెరుచుకుంటుందే?"

"అన్నయ్యగారూ, మీరు స్నానం చేసి ఎన్నాళ్లయింది?" అంది మేనత్త.

"రోజూ చేస్తానండీ! తనే తలుపు తీసి, వేణ్నీళ్లు పెట్టి పిలుస్తుంది."

మేనత్త పెదవి విరిచి, గది బయట ఉన్న గీజరు స్విచ్చి వేసింది. అదే సమయానికి వంటింట్లో నర్సమ్మ మిక్సీ తిప్పింది. టప్పుమంది. ఫ్యాను నెమ్మదించింది. ఫ్రిజ్ ఒళ్లు విదిలించుకుని ఊరుకుంది. ఇల్లంతా చడీచప్పుడూ లేదు.

"ఒక్కటీ లేదన్నారు కదా వదినగారూ," అంది మేనత్త, చేతిసంచి భుజాన వేసుకుంటూ. "నిజమే. పనిచేసేది ఒక్కటీ లేదు. పదవే అమ్మాయీ."

పిన్నికి తల కొట్టేసినట్టయింది. బేరం పోతే పోయింది, మాట పోయింది.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా," అంది. "నా చేతిలో అన్నీ పనిచేస్తాయి."

నర్సమ్మ గుమ్మంలో ఆగింది. "అత్తా, ఒక్క నిమిషం. పిన్నిగారూ, మీరు లేచి రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. మేం వెనకే వస్తాం."

పిన్ని లేచింది. గీజరూ మిక్సీ ఆపి, ఇందాక టప్పుమని పడిన మీట పైకి నెట్టగానే ఫ్యాను కదిలింది. మోటారు స్విచ్చి నొక్కి, బొటనవేలు తియ్యకుండా పక్కకి ఒత్తిపట్టి, చెవి ఒగ్గి నిలబడింది. మూలుగు సన్నని పాటలా మారింది. అప్పుడు వేలు తీసింది. వంటింటి కుళాయి తిప్పి, సగం వెనక్కి తెచ్చి, దాని మెడమీద అరచేత్తో చరిచింది. నీళ్లొచ్చాయి. స్నానాలగది తలుపు పిడి పైకెత్తి, కింద మడమతో తట్టి, తుంటితో ఒక్క నెట్టు నెట్టింది. అది సిగ్గుపడ్డట్టు తెరుచుకుంది. గీజరు స్విచ్చి దగ్గరికి వెళ్లబోతూ దారిలో ఫ్రిజ్ ఆపేసింది.

"ఫ్రిజ్ ఎందుకు ఆపారు?"

"గీజరు వేస్తున్నాగా," అంది పిన్ని, అదేం ప్రశ్న అన్నట్టు. అని, అక్కడే ఆగిపోయింది.

పొద్దున్నే ముందు అందరి స్నానాలూ అయిపోవాలి. ఆ తర్వాతే వంటింట్లో మిక్సీ మోగాలి. అది తన పద్ధతి అనుకుంది ఇన్నాళ్లూ. ఇల్లన్నాక ఒక క్రమం ఉండాలని కూతురికి బుద్ధులు కూడా చెప్పింది. ఆ క్రమం తనది కాదు, గోడలో ముసలివైన వైర్లది. అవి మోయలేని బరువును పక్కకి తప్పిస్తూ తన రోజంతా నడిచింది. పిన్ని తన చేతులు తిప్పి చూసుకుంది. మామూలు చేతులే. ఇంటి సగం గోడల్లో ఉంది. మిగతా సగం, తనకే తెలియకుండా, ఈ వేళ్లలో, ఈ మడమలో దాక్కుని ఉంది. ఇంత మేడ ఇన్నేళ్లూ తన తుంటికి ఆనుకుని నిలబడిందా!

బాబాయి నోరు తెరుచుకుని భార్యను చూస్తున్నాడు. మేనత్త భుజాన వేసుకున్న చేతిసంచి దించి కింద పెట్టింది.

"మంచానపడ్డవాళ్లని ఏళ్ల తరబడి చూసుకునే మనుషులు మా ఆస్పత్రికి వస్తుంటారు," అంది నర్సమ్మ మెల్లగా. "ఏం చేస్తున్నారమ్మా అని అడిగితే, ఏమీ లేదు, మామూలే అంటారు. వాళ్లకి నిజంగానే తెలియదు."

పిన్ని చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "రిపేర్లు లేవన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. పైపులూ వైర్లూ మార్పించి పెడతాం. అప్పుడొచ్చి చూసి, నచ్చితేనే పుచ్చుకోండి."

"ఏమేవ్, నెలాఖరు..." అన్నాడు బాబాయి.

"ఇల్లు అమ్ముతామండీ. ఈ చేతుల్ని కూడా ఇక్కడే వదిలి వెళ్లలేను కదా!"

గోడ పగలగొట్టే రోజున అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. అనుమానం తీరక మేనత్తే బయల్దేరదీసిందట. ప్లంబరు వంటింటి పాత గొట్టం ముక్క కోసి బయటికి తీశాడు. తుప్పు లోపల పొరలు పొరలుగా పేరుకుని, నడుమ అల్లికసూది దూరేంత దారి మిగిలింది.

"ఇందులోంచి నీళ్లొచ్చేవంటే నేను నమ్మనమ్మా," అన్నాడతను.

మేనత్త ఆ ముక్క లాక్కుని కిటికీ వైపు ఎత్తి కన్ను పెట్టింది. ఎర్రమట్టి గుహ చివర చిన్న చుక్కలా పగటి వెలుగు కనిపించింది. ఆ చుక్కలోంచే ఒక సంసారానికి తాగేందుకు, వండుకునేందుకు, గిన్నెలు కడుక్కునేందుకు నీళ్లొచ్చాయి. ఆమె చాలాసేపు కన్ను తియ్యలేదు. తీశాక ఆ ముక్కను పిన్నికి రెండు చేతులతో అందించింది.

కొత్త గొట్టం బిగించి, "తిప్పండమ్మా" అన్నాడు ప్లంబరు.

పిన్ని తిప్పింది. నీళ్లు ఒక్క ఉదుటున సింకులోకి దూకి, ఎగిరి, పక్కనున్న మేనత్తను నిలువునా తడిపేశాయి.

"అయ్యయ్యో, ఆపండమ్మా! మా వంటిల్లంతా చిత్తడి చేసేశారు!" అని కేకేసింది మేనత్త.

బాబాయి గబుక్కున తలెత్తాడు. "ఎవరి వంటిల్లన్నారు?"

"మాదే! వినిపించలేదా? చూస్తారేం, ఏదైనా గుడ్డ ఉంటే ఇలా పడెయ్యండి."

నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పిన్నికి ఆ మాటలు చెవిన పడ్డాయో లేదో. ధార కింద చెయ్యి పెట్టి, అలా చూస్తూ నిలబడిపోయింది. తను అడగకుండానే, బుజ్జగించకుండానే, నీళ్లు వస్తూనే ఉన్నాయి.