నల్ల టేపు

పదేళ్ళ వయసులో జ్వరమొచ్చి శ్యాంసన్‌కు రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం నిలిచింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి జవాబు చెప్పేవాడు కాబట్టి కొత్తవాళ్ళకు సంగతి వెంటనే తెలిసేది కాదు. పొదిలిలో బన్నులు ఎత్తుకుని కొనకనమిట్ల చుట్టుపక్కల దుకాణాలకు మోటార్‌సైకిల్ మీద వేస్తాడు.

ఒకసారి ఒక లారీ వెనక నుంచి హారన్ కొట్టి కొట్టి, చివరికి అతని మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆ తర్వాతే పొదిలి మెకానిక్ హరిబాబు బండి వైరింగ్ మార్చాడు. కార్లకు ఉన్నట్టే, ఒక్క స్విచ్ నొక్కితే ముందూ వెనకా నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి ఆరుతూ వెలుగుతాయి. వాటిని ఆడించే చిన్న డబ్బాను హ్యాండిల్‌కే, ఎడమ బొటనవేలు ఆనే చోట బిగించాడు. దాని టిక్కుటిక్కు శ్యాంసన్‌కు వినపడదు, కానీ వేలికి తెలుస్తుంది. వేలికి కొట్టుకున్నంతసేపు లైట్లు ఆడుతున్నట్టే లెక్క.

ఆ రోడ్డు డ్రైవర్లకు తొందరగానే అలవాటైంది. లైట్లు ఆడుతున్న బండి కనపడితే హారన్ మానేసి హెడ్‌లైట్ కొట్టేవారు. అద్దంలో వెలుగు చూసి అతను పక్కకు జరిగేవాడు. టీకొట్టు దగ్గర మాత్రం, పెళ్ళిపందిరి వస్తాంది జరగండి అని నవ్వేవాళ్ళు. పెదాలు చదివి అతనూ నవ్వేవాడు. ముప్పై దాటినా అతనికి పందిరి పడలేదన్నదే ఆ ఎగతాళి.

ఇప్పుడు ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు కేథరిన్, పొదిలిలో కుట్టుమిషన్ పని. ఆమె ఫోటో శ్యాంసన్ చొక్కా జేబు వదలడం లేదు. చెవుల మాట ఎత్తగానే ఇంతకుముందు రెండు సంబంధాలు పోయినందుకు, అన్న గిద్యోను ఈసారి ఆ మాటే ఎత్తలేదు. పెళ్ళయినాక తెలిస్తే సర్దుకుపోతారన్నది అతని నమ్మకం.

ఇల్లు చూసుకోవడానికి పిల్ల తండ్రి యోబు, భార్యతో ఆటోలో వస్తున్నాడు. ఊరికి తిరిగే మలుపు దగ్గర కలుసుకుని దారి చూపించాల్సింది శ్యాంసనే. అన్నం తిని అతను చేతులు కడుక్కుంటుండగా గిద్యోను బయటికి వచ్చి, వెనక ఇండికేటర్లు రెండింటికీ నల్ల టేపు చుట్టాడు. దారి పొడుగునా ఆ లైట్లు ఆడుతుంటే ఎందుకని అడగరా? ముందు లైట్లు వదిలేశాడు. వెనక వచ్చేవాళ్ళకు అవి కనపడవు.

మలుపు దగ్గర యోబుకు దణ్ణం పెట్టి శ్యాంసన్ స్విచ్ నొక్కాడు. డబ్బా వేలికి కొట్టుకుంది. ముందు లైట్లు ఆడాయి. బండి కదిలించాడు. కొంతదూరం పోయాక ఆటో అతన్ని దాటబోయింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. అదే సమయానికి శ్యాంసన్ ఎదురుగా ఉన్న గుంత తప్పించడానికి బండిని కుడికి తిప్పాడు. ఆటో తారు దిగి పక్కకు పడిపోయింది. శ్యాంసన్‌కు అదేదీ వినపడలేదు. తర్వాత అద్దంలో చూస్తే ఒట్టి దుమ్మే. నిదానంగా వస్తున్నారనుకుని ఇంటికి చేరి, వస్తాండారన్నా, కుర్చీలు తియ్యి అన్నాడు.

కుర్చీలు వేసేలోపే, ఆటో పడిపోయిందని గిద్యోనుకు ఫోనొచ్చింది. మాట్లాడుతూనే అతను వెనక లైట్ల టేపు పీకి జేబులో వేసుకున్నాడు. తర్వాత లోపలున్న తమ్ముడి భుజం తట్టి రమ్మన్నాడు. ఇద్దరూ ఆ బండి మీదే వెనక్కి పోయారు.

యోబు భార్య కంపచెట్టు నీడలో కూర్చుని ఉంది. ఆమె చెయ్యి మోచేతి దగ్గర వేరే దిక్కుకు తిరిగి ఉంది. ఆటో చేను వైపు పడి ఉంది. నీ తమ్ముడికి కళ్ళు నెత్తికెక్కినాయా, హారన్ వినపడలేదా అని డ్రైవర్ మీదికొచ్చాడు. యోబు అతన్ని ఆపాడు. బండి వెనక్కి పోయి లైటు మీద వేలితో రుద్దాడు. వేలికి జిగురు అంటుకుంది.

"హరిబాబు అన్నీ చెప్పినాడు గిద్యోనూ," అన్నాడు. "చెవులు లేవని తెలిసే వస్తాండాం. నా బిడ్డ ఒప్పుకున్నాకే బయలుదేరినాం. లైట్లు ఆడుతుంటే హారన్ కొట్టొద్దని ఈ డ్రైవరుకు నేనే చెప్పినా. లైట్లు ఆడకపోయేసరికి, హరిబాబు ఎక్కువ చెప్పినాడేమో, ఈయనకు కొంచెం వినపడుతుందేమో అనుకున్నాం."

గిద్యోను జేబులోని టేపును ఇంకా లోపలికి నొక్కాడు.

"నిజం దాచే ఇంటికి బిడ్డనియ్యలేను. ఆయన్ను చూసి గాదు, నిన్ను చూసి."

యోబు అటు తిరిగి ఉండడంతో శ్యాంసన్‌కు పెదాలు కనపడలేదు. ఏమంటాండాడని అన్నను అడిగాడు. గిద్యోను అతని ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా స్పష్టంగా పలికాడు.

"చెవిటోడికి పిల్లనియ్యరంట."

శ్యాంసన్ కాసేపు అన్న పెదాలనే చూశాడు. తర్వాత జేబులోంచి ఫోటో తీసి యోబు చేతిలో పెట్టాడు.

"తప్పుగా అనుకోవద్దు మామా. వినపడదని ముందే చెప్పాల్సింది."

జవాబు కోసం ఆగలేదు. బండెక్కి, అన్నను ఎక్కించుకోకుండానే స్విచ్ నొక్కాడు. యోబు ఫోటో పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తాడు. అది గాదు శ్యాంసనూ, అది గాదు అని గొంతు చిరిగేలా అరిచాడు. డ్రైవర్ వైపు తిరిగి, హెడ్‌లైట్ కొట్టు, కొట్టు అన్నాడు.

ఆటో హెడ్‌లైట్ మట్టిలో దిగబడి ఉంది. ముందు పోతున్న బండికి వెనక లైట్లు రెండూ చక్కగా ఆడుతున్నాయి.