మైసమ్మకు మొదటి బొట్టు

యాకమ్మ ఊళ్లో పెళ్లంటే మొదటి బొట్టు మైసమ్మకే. ఆ తల్లికి బొట్టు పెట్టి పిలిచాకే పందిరి గుంజ పాతాలి. అయితే మైసమ్మ ఇప్పుడు ఊళ్లో లేదు. ఎప్పుడో తాతల కాలంలో పాలంపేట దిక్కు మడి దున్నుతుంటే బయటపడ్డ ఆ రాతి విగ్రహాన్ని, డెబ్బై ఆరులో సర్కారువాళ్లు లారీ ఎక్కించి వరంగల్ మ్యూజియానికి తీసుకుపోయారు.

అప్పటినుంచి ఊళ్లో అందరూ ఖాళీ గద్దెకే బొట్టు పెట్టి పెళ్లిళ్లు కానిచ్చేస్తున్నారు. మనిషి లేని పీటకు మర్యాద ఏమిటని యాకమ్మకు ఒళ్లు మంట. కూతురి పెళ్లి కుదరగానే కుంకుమ భరిణె, ఆకూ వక్కా కొంగున కట్టుకుని వరంగల్ బస్సెక్కింది. తోడుకు ఆడబిడ్డ రాజక్క. ఆమె నోరు ఊరికే ఉండదు.

"ఏ మూలకు పారేసిన్రో వదినా! కాలో చెయ్యో ఇరిగే ఉంటది" అని దారి పొడవునా అంటూనే ఉంది. యాకమ్మ కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది.

మ్యూజియంలో జైన తీర్థంకరుణ్ణి దాటారు, నందిని దాటారు. చివరి గది గడపలోనే యాకమ్మ ఆగిపోయింది. నట్టనడుమ, ఎత్తయిన గద్దె మీద, లైటు వెలుగులో మైసమ్మ! ఊళ్లో నూనె, పసుపు పొరల కింద దాగిన ముఖం ఇప్పుడు కడిగిన ముత్యంలా ఉంది. బడిపిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. యాకమ్మకు పట్టరాని గర్వం కలిగింది.

"చూసినవా రాజక్కా! మూలకు పారేసిన్రంటివి. మన తల్లి నడింట్ల కూసున్నది!"

భరిణె మూత తీసి వేలు ముందుకు చాపింది.

"చెయ్యి పెట్టొద్దు పెద్దమ్మా!" ఆ గదికి కాపలా ఉన్న విమల పరుగున వచ్చింది.

ఆమె బోసి నుదురు చూసి యాకమ్మ నొచ్చుకుంది. "అయ్యో బిడ్డా, గింత చిన్న వయసుల..."

విమల ఫక్కున నవ్వింది. "మా ఆయనకేమైంది? డోర్నకల్ల రైల్వే పని చేస్తాండు. మేం చర్చికి పోయేటోళ్లం. కుంకుమ పెడితే రాయి ఖరాబైతది పెద్దమ్మా. రోజు బ్రష్షుతోని దుమ్ము దులిపేది నేనే. నేనొచ్చినంక ఈమె మీద ఒక్క గీత పడనియ్యలే."

యాకమ్మ కూలబడింది. "బొట్టు పెట్టకుంటే పిలిచినట్టెట్లయితది? పిలవకుంట పందిరెట్ల ఎయ్యాలె?" కళ్లనిండా నీళ్లు.

విమల ఆమె పక్కన చతికిలబడింది. "ఇంటి పెద్ద అందకుంటే మీ దిక్కు ఎవలకు చెప్తరు?"

"ఆ ఇంట్ల ఉన్నోళ్లకు."

"ఈమెతోని ఇంట్ల ఉండేది నేనే గద! బొట్టయితే నేను పెట్టుకోను. ఆకు వక్క నా చేతికియ్యి. ఆమె తరఫున నేనొస్త."

"బొట్టే పెట్టుకోదట..." రాజక్క గొణిగింది.

"నువ్వు జర ఊకో. మన తల్లిని కడుపుల పెట్టుకొని చూసుకుంటాంది" అని యాకమ్మ రెండు చేతులా తాంబూలం అందించింది.

పెళ్లినాడు విమల భర్తతో సహా వచ్చింది. యాకమ్మ ఎదురెళ్లి కాళ్లకు నీళ్లిచ్చి, మేనమామల కన్నా ముందు చాప వేసి కూర్చోబెట్టింది.

"నొసట బొట్టు లేదు, ఆమెకు ముందు చాపనా? ఎవలామె?" వియ్యపురాలు మూతి ముడిచింది.

యాకమ్మ పందిరంతా వినబడేలా చెప్పింది. "మా మైసమ్మ వరంగల్ల సర్కారు నౌకరిల ఉన్నది. ఆమెకు లీవు దొరకలే. తన ఇంటి మనిషిని తోలింది!"

వియ్యపురాలు లేచి వచ్చి, విమల చాప మీదే ఒదిగి కూర్చుంది.